కన్సోల్‌లో పాటలు: కొనడం ఎక్కడ, వినడం ఎలా

ముందే తేల్చి చెప్పేస్తాను. పాటలు కన్సోల్‌లో, అంటే టీవీకి కలిపి గేములు ఆడే పెట్టెలో వినండి, కొనడం మాత్రం బయట కొనండి. కొన్న పాట ఫైల్ రూపంలో మీ చేతికి రావాలి, ఆ ఫైల్ పెన్‌డ్రైవ్ ఎక్కి టీవీ కిందున్న పీఎస్4కో (సోనీ ప్లేస్టేషన్ 4) ఎక్స్‌బాక్స్‌కో (మైక్రోసాఫ్ట్ కన్సోల్) చేరాలి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు చాలా ఇళ్లలో ఇప్పుడు హాల్లో పెద్ద టీవీ ఉంటుంది. దాని కింద సౌండ్‌బారో పాత 5.1 హోం థియేటరో, పక్కనే పిల్లల కన్సోల్ ఉంటాయి. ఇంట్లో మంచి సౌండ్ వచ్చేది అక్కడే. అయినా పాటలు వినేది ఫోన్ స్పీకర్‌లో. అన్ని తీగలూ ముందే కలిపి ఉన్నాయి కాబట్టి కొత్తగా పెట్టాల్సిన ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఒక్క పెన్‌డ్రైవ్ తప్ప.

కన్సోల్‌లో పాటల దుకాణం ఎందుకు లేదు

ఒకప్పుడు ఆ ప్రయత్నాలు గట్టిగానే జరిగాయి. మొదటి ప్లేస్టేషన్ ఆడియో సీడీలు ఆడించేది. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో హార్డ్ డిస్క్ ఉండటంతో సీడీలోని పాటలను లోపలికి ఎక్కించుకుని, కొన్ని గేముల్లో వాటినే పెట్టుకుని ఆడే వీలుండేది. తర్వాత కంపెనీలు నేరుగా సంగీతం అమ్మడానికి దిగాయి. సోనీ 2010 డిసెంబర్‌లో మ్యూజిక్ అన్‌లిమిటెడ్ అనే సబ్‌స్క్రిప్షన్ మొదలుపెట్టి 2015 మార్చి 29న మూసేసింది. మరుసటి రోజే ఆ జాగాలో స్పాటిఫై అనే పాటల యాప్ వచ్చి కూర్చుంది. మైక్రోసాఫ్ట్ 2012లో ఎక్స్‌బాక్స్ మ్యూజిక్ తెచ్చి, 2015లో దాని పేరు గ్రూవ్ అని మార్చి, 2017 డిసెంబర్ 31తో పాటల అమ్మకాన్నీ సబ్‌స్క్రిప్షన్‌నూ రెండింటినీ ఆపేసింది. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మొత్తమే 2024 జులై 29న మూతపడింది.

పీఎస్4లో స్పాటిఫై వచ్చిన 2015లో మనకు ఒరిగిందేమీ లేదు. స్పాటిఫై భారత్‌కు వచ్చిందే 2019 ఫిబ్రవరిలో. ఆ నాలుగేళ్లూ ఇక్కడి పీఎస్4లకు పెన్‌డ్రైవే దిక్కు.

మన దేశంలోనే జరిగిన ఇంకో ముచ్చట చూడండి. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ‘ఫ్లైట్’ పేరుతో ఎంపీ3 పాటలు అమ్మడం మొదలుపెట్టింది. 2013 జూన్‌లో దుకాణం ఎత్తేసింది. ఆ పాటలకు తాళం లేదు, అంటే ఫలానా యాప్‌లోనే ఆడాలన్న నిబంధన లేదు. అప్పుడు ఫైల్స్ దించుకుని దాచుకున్నవాళ్లకు అవి ఈ రోజుకీ ఆడతాయి. దీనికి పూర్తిగా ఎదురు కథ రాక్ బ్యాండ్ గేముది. 2007 నుంచి ఆ గేమ్‌లో వాయించుకోవడానికి పాటలను విడివిడిగా అమ్మారు, కొత్త పాటలు ఇవ్వడం 2024 జనవరిలో ఆపారు. డబ్బు పెట్టి కొన్నా ఆ పాట ఆ గేమ్‌లోనే మోగుతుంది. కారులో పెట్టుకోలేరు, ఫోన్‌లోకి ఎక్కించుకోలేరు.

గేముల ‘డిజిటల్ డీలక్స్ ఎడిషన్’ కొంటే సౌండ్‌ట్రాక్ కూడా వస్తుందని ప్లేస్టేషన్ స్టోర్‌లో కనిపిస్తుంది కదా. అది సాధారణంగా కన్సోల్ లోపల తెరుచుకునే చిన్న యాప్, ఫైల్ బయటికి రాదు. గేమ్ సంగీతం మీద నిజంగా మోజు ఉంటే కంప్యూటర్‌లో స్టీమ్ అనే గేముల దుకాణం నుంచి కొనడం నయం. 2020 నుంచి అక్కడ గేమ్ కొనకపోయినా సౌండ్‌ట్రాక్ ఒక్కటే కొనుక్కోవచ్చు. ధరలు రూపాయల్లో ఉంటాయి, పాటలు మామూలు ఫైల్స్‌గా స్టీమ్‌యాప్స్ లోపలి మ్యూజిక్ ఫోల్డర్‌లోకి దిగుతాయి.

మీ దగ్గరున్న పెట్టె ఏమేం ఆడిస్తుంది

పీఎస్2: ఆడియో సీడీలు ఆడిస్తుంది, అంతే.

పీఎస్3: పాటల విషయంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన కన్సోల్ ఇదే. ఆడియో సీడీ ఆడిస్తుంది, సీడీలోని పాటలను లోపలికి ఎక్కించుకుంటుంది. ఇంట్లో బర్న్ చేసిన ఎంపీ3 సీడీలను కూడా చదువుతుంది. ఒక్కో సీడీలో వందకు పైగా పాటలు వేసి అమ్మిన కాలం ఉంది కదా, ఆ సీడీలు ఇంకా అటక మీద ఉంటే వాటికి ఇదే సరైన చోటు. ఫ్లాక్ ఫైల్స్ (సౌండ్ నాణ్యత తగ్గకుండా దాచేవి) మాత్రం ఆడవు.

పీఎస్4, పీఎస్5: బ్లూరే డ్రైవ్ ఉన్నా ఆడియో సీడీ ఆడించవు. చాలామంది నమ్మరు, సీడీ పెట్టి చూసి కన్సోల్ పాడైందనుకుంటారు. పెన్‌డ్రైవ్‌లోని ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్ ఫైల్స్ ఆడతాయి.

ఎక్స్‌బాక్స్ వన్: సీడీలు ఆడించాలంటే స్టోర్ నుంచి అందుకు పనికొచ్చే ప్లేయర్ యాప్ వేసుకోవాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవే లేదు.

నింటెండో స్విచ్‌ను ఈ పనికి పక్కన పెట్టేయండి. సొంత పాటలు ఆడించే ఏర్పాటు దాంట్లో లేదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన నింటెండో మ్యూజిక్ కూడా ఫోన్ యాపే.

పాటల కోసమే సెకండ్ హ్యాండ్ పీఎస్3 తీసుకునేవాళ్లు దుకాణంలోనే ఒక ఆడియో సీడీ పెట్టి చివరి పాట దాకా ఆడించి చూడండి. డిస్క్ డ్రైవ్‌లో లెన్స్ అరిగిపోయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. జైల్‌బ్రేక్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన అడ్డంకులు తీసేసిన పెట్టె అయితే దాంట్లో మీ అసలు ప్లేస్టేషన్ ఖాతాతో లాగిన్ కావద్దు, ఖాతాకే నిషేధం పడే ప్రమాదముంది.

ఫైల్‌గా కొనడం

మన సినిమా పాటలకు ఇప్పుడున్న మంచి దారి యాపిల్ కంపెనీ ఐట్యూన్స్ స్టోర్. భారత్‌లో 2012 డిసెంబర్‌లో మొదలైంది. ఐఫోన్ లేకపోయినా ఫర్వాలేదు, విండోస్ కంప్యూటర్ చాలు.

1. కంప్యూటర్‌లో ఐట్యూన్స్ వేసుకుని యాపిల్ ఖాతా తెరవండి. దేశం దగ్గర ఇండియా పెట్టండి.
2. డబ్బు చెల్లించే దారిగా యూపీఐ ఎంచుకోండి. అదొద్దనుకుంటే యాపిల్ గిఫ్ట్ కార్డ్ కొని ఖాతాలో జమ చేసుకోండి. పిల్లలకు ఖాతా ఇస్తున్నట్టయితే గిఫ్ట్ కార్డే మేలు, ఖర్చుకు హద్దు ఉంటుంది.
3. స్టోర్‌లో సినిమా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో వెతకండి. పాట పక్కనే ధర కనిపిస్తుంది. మొత్తం ఆల్బమ్ కొనాల్సిన పనిలేదు, ఒక్క పాటైనా కొనవచ్చు.
4. కొన్నాక పాట మీద రైట్ క్లిక్ చేసి, ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూపించమనండి. అక్కడి నుంచి కాపీ చేసుకోవడమే.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. స్టోర్‌లో విడిగా కొన్న పాట చివర ఎం4ఏ అని ఉంటుంది. అది 256 కేబీపీఎస్ ఏఏసీ ఫైల్ (కేబీపీఎస్ అంటే సెకనుకు ఎంత సౌండ్ సమాచారం ఉందో చెప్పే లెక్క, దీన్నే బిట్‌రేట్ అంటారు). ఐట్యూన్స్ పాటలకు 2009లోనే తాళం తీసేశారు కాబట్టి పీఎస్3, పీఎస్4, పీఎస్5, ఎక్స్‌బాక్స్ వన్‌లలో ఆడుతుంది. యాపిల్ మ్యూజిక్ నెలవారీ చందా కట్టి డౌన్‌లోడ్ చేసిన పాట చివర ఎం4పీ అని ఉంటుంది. దానికి తాళం ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసినా ఆడదు. చందా ఆపిన రోజే అది మూగబోతుంది. ఒకే కంపెనీ, ఒకే తెర, ఒకే పాట కావడంతో ఇక్కడ తికమక పడేవాళ్లు ఎక్కువ.

సినిమాల బయటి సంగీతానికి, ముఖ్యంగా సొంతంగా పాటలు విడుదల చేసుకునే బృందాలకు బ్యాండ్‌క్యాంప్ బాగుంటుంది. ఒకసారి కొంటే ఎంపీ3, ఫ్లాక్ ఏది కావాలంటే అది దించుకోవచ్చు. చిక్కల్లా డబ్బు కట్టే దగ్గరే. అమ్మేవాళ్లు చాలావరకు విదేశీయులు కాబట్టి కార్డ్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. రిజర్వ్ బ్యాంక్ 2020 నిబంధనల ప్రకారం కొత్త కార్డుల్లో అవి మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంక్ యాప్‌లో కార్డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఆన్ చేయండి, చిన్న పరిమితి పెట్టండి, కొన్నాక మళ్లీ ఆఫ్ చేయండి.

మరి ‘ఫ్రీ పాటల’ సైట్లు? అవి చోరీ సొత్తు అన్నది ఒక సంగతి. సౌండ్ పరంగానూ అవి దండగే. 128 కేబీపీఎస్ ఫైల్‌నే సాగదీసి 320 అని పేరు పెడతారు. ఫోన్ స్పీకర్‌లో తేడా తెలియదు కానీ హోం థియేటర్‌లో డప్పు మోత చప్పగా, కంచు తాళాలు గరగరమంటూ వినిపిస్తాయి. పైగా ప్రతి పాట వివరాల్లోనూ సైట్ పేరే ఉండటంతో టీవీ మీద గాయకుడి పేరుండాల్సిన చోట సైట్ చిరునామా కనిపిస్తుంది.

అమ్మకానికి దొరకని పాటలు

మన వైపు ఇదే అసలైన సంగతి. బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, ఊరి జానపదాలు చాలావరకు యూట్యూబ్‌లో మాత్రమే ఉంటాయి. కొన్నింటిని స్పాటిఫైలో కూడా పెడుతున్నారు, ముందు అక్కడ వెతకండి. ఫైల్‌గా కొనడానికి దొరికేవి తక్కువ. కన్సోల్‌లోని యూట్యూబ్ యాప్‌లో వినొచ్చు కానీ, గేమ్ మొదలుపెట్టగానే పాట ఆగిపోతుంది. అందుకని బతుకమ్మ తొమ్మిది రోజులూ హాల్లో పాటలు మోగాలంటే యూట్యూబ్ యాప్ సరిపోతుంది, ఆడుకుంటూ వినాలంటే సరిపోదు.

ఇంట్లో రికార్డు చేసుకున్న పాటలు వేరే లెక్క. మీ అవ్వ పాడిన ఉయ్యాల పాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే అవి ఏ దుకాణంలోనూ దొరకవు. ఐఫోన్ వాయిస్ మెమోలు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల రికార్డర్లు ఎం4ఏ ఫైల్‌నే ఇస్తాయి, అది కన్సోల్‌లో నేరుగా ఆడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ అయితే ఓపస్ ఫైల్, దాన్ని మార్చుకోవాలి. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేయండి. పనిలో పనిగా మొదట్లో ‘ఆన్ అయిందా, చూడు’ లాంటి మాటలుంటే కత్తిరించవచ్చు. నేనైతే వాటిని ఉంచేస్తాను.

పాత ఆడియో సీడీలు ఉన్నవాళ్లకు రెండు దారులు. పీఎస్3 ఉంటే సీడీ పెట్టి, మ్యూజిక్ విభాగంలో డిస్క్ మీదికి వెళ్లి, త్రిభుజం బటన్ నొక్కి ఇంపోర్ట్ ఎంచుకోండి. అంతకన్నా ముందే సెట్టింగ్స్‌లోని మ్యూజిక్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఎంపీ3 అని పెట్టండి, బిట్‌రేట్ పెంచండి. లేకపోతే సోనీ సొంత ఫార్మాట్‌లో చిక్కుకునే అవకాశముంది. పీఎస్3 లేకపోతే కంప్యూటర్. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్క్ డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీతో కలిపే బయటి డీవీడీ డ్రైవ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. విండోస్‌లో ఉన్న మీడియా ప్లేయరే రిప్ చేస్తుంది, అంటే సీడీలోని పాటలను ఫైల్స్‌గా మారుస్తుంది.

పెన్‌డ్రైవ్ సిద్ధం చేయడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాస్త నిదానంగా చూద్దాం. పక్కింటి పిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “అన్నా, పాటలేమో పెన్‌డ్రైవ్‌ల ఉన్నయ్, పీఎస్4ల మాత్రం కనవడ్తలేవ్.” దానికి జవాబు నూటికి తొంభై సార్లు ఫోల్డర్ పేరో, ఫార్మాటో.

మొదట ఫార్మాట్, అంటే పెన్‌డ్రైవ్‌లో ఫైల్స్ అమర్చే పద్ధతి. విండోస్‌లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉంటే పీఎస్4, పీఎస్5 చదవవు. లోపలున్నదంతా వేరే చోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. పీఎస్3కి మాత్రం ఫ్యాట్32 తప్పనిసరి. ఎక్స్‌బాక్స్ వన్, దాని తర్వాతివి ఈ ఫార్మాట్లన్నీ చదువుతాయి. ఒకే పెన్‌డ్రైవ్ అన్ని పెట్టెల్లోనూ తిరగాలంటే 32 జీబీ లోపుది తీసుకుని ఫ్యాట్32 చేసుకోవడం తేలిక.

తర్వాత ఫోల్డర్. పెన్‌డ్రైవ్ తెరవగానే కనిపించే చోట, దేని లోపలా కాకుండా, ఒక ఫోల్డర్ చేయండి. దాని పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో మ్యూజిక్ అని ఉండాలి: ఎం, యు, ఎస్, ఐ, సీ. మొదటి అక్షరం పెద్దది. ‘సాంగ్స్’ అని, ‘న్యూ ఫోల్డర్’ అని పెడితే పీఎస్4 అటువైపే చూడదు. పీఎస్3కి ఈ నియమం లేదు. పెన్‌డ్రైవ్ గుర్తు మీద త్రిభుజం నొక్కి డిస్‌ప్లే ఆల్ అంటే అన్నీ చూపిస్తుంది.

ఆ ఫోల్డర్ లోపల ఆల్బమ్‌కో చిన్న ఫోల్డర్ పెట్టండి. ఫైల్ పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తే వరుస తప్పదు. పేర్లు తెలుగు లిపిలో పెట్టాలని నాకూ ఉంటుంది, కానీ కన్సోల్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే టీవీ మీద ఖాళీ గళ్లే కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలే క్షేమం. పాట, గాయకుడు, ఆల్బమ్ వివరాలు ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరిచేయొచ్చు. సైట్ల చిరునామాలు తుడిచేయడానికి కూడా అదే పనికొస్తుంది.

మ్యాక్ వాడేవాళ్లకు ఒక చిన్న తలనొప్పి ఉంటుంది. ప్రతి పాట పక్కన చుక్క, గీతతో మొదలయ్యే పనికిరాని ఫైల్ ఇంకొకటి తయారవుతుంది. కన్సోల్‌లో అదే పాట రెండుసార్లు కనిపించి ఒకటి ఆడకపోతే కారణం అదే. తీసేయండి.

ఆడించడం

పీఎస్4లో పెన్‌డ్రైవ్ పెట్టగానే హోం స్క్రీన్ మీద యూఎస్‌బీ మ్యూజిక్ ప్లేయర్ కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్ తీసేస్తే ఆ గుర్తు కూడా పోతుంది, అందుకే దాని కోసం స్టోర్‌లో వెతకొద్దు. ఫోల్డర్ తెరిచి పాట మొదలుపెట్టి, గేమ్‌లోకి వెళ్లండి. పాట వెనకాల నడుస్తూనే ఉంటుంది. ఆట మధ్యలో పాట మార్చాలంటే కంట్రోలర్‌పై పీఎస్ బటన్ నొక్కి పట్టుకోండి, పక్కన వచ్చే మెనూలో మ్యూజిక్ ఉంటుంది. స్టోర్‌లో దొరికే మీడియా ప్లేయర్ యాప్ వేరు. అది కూడా పాటలు ఆడిస్తుంది, ఇంట్లోని కంప్యూటర్ నుంచి వైఫై మీద కూడా లాగుతుంది, కానీ గేమ్ తెరిస్తే ఆగిపోతుంది.

పీఎస్5లో పీఎస్ బటన్ ఒక్కసారి నొక్కితే కింద కంట్రోల్ సెంటర్ వస్తుంది. అందులో మ్యూజిక్ గుర్తు మీదికి వెళితే పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది. ఒక హెచ్చరిక: పెన్‌డ్రైవ్‌కు బదులు పెద్ద హార్డ్ డిస్క్ పెడితే, దాన్ని గేముల నిల్వకు ఫార్మాట్ చేయాలా అని కన్సోల్ అడగొచ్చు. సరే అన్నారో, పాటలన్నీ పోయినట్టే. ఎక్స్‌బాక్స్‌లోనూ అదే ప్రశ్న వస్తుంది, అక్కడ మీడియా కోసం వాడతానన్న ఎంపిక తీసుకోండి. పిల్లలు తొందరలో ఎక్స్ బటన్ నొక్కేస్తారు కాబట్టి మొదటిసారి పెద్దవాళ్లు దగ్గరుంటే మంచిది.

ఎక్స్‌బాక్స్‌లో స్టోర్ నుంచి వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసుకోండి, ఉచితం. ఫ్లాక్ సహా దాదాపు ఏ ఫైలైనా తీసుకుంటుంది.

ఆడుకుంటూ వినాలంటే గేమ్ సెట్టింగ్స్‌లో ఆడియోకు వెళ్లి మ్యూజిక్‌ను సున్నా చేయండి, ఎఫెక్ట్స్, కామెంటరీ అలాగే ఉంచండి. రేసింగ్, ఫుట్‌బాల్, క్రికెట్ గేములకు ఇది బాగా కుదురుతుంది. కథ నడిచే గేములకు మాత్రం నేను ఒప్పుకోను. దుఃఖ సన్నివేశంలో వెనకాల తీన్మార్ మోగితే ఆ గేమ్ చేసినవాళ్ల ఉసురు తగులుతుంది.

చందా దారి

రోజూ కొత్త పాటలు కావాలంటే స్పాటిఫై. పీఎస్4, పీఎస్5, ఎక్స్‌బాక్స్ మూడింట్లోనూ ఉంది, డబ్బు కట్టకపోయినా ప్రకటనలతో నడుస్తుంది. యాప్ తెరిస్తే టీవీ మీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్‌లో కొడితే ఖాతా కలుస్తుంది. కంట్రోలర్‌తో అక్షరం అక్షరం టైప్ చేసే బాధ తప్పుతుంది. ఆ తర్వాత ఫోనే రిమోట్. స్పాటిఫైలో పాట పెట్టి, కింద పరికరాల గుర్తు నొక్కి మీ కన్సోల్ పేరు ఎంచుకుంటే పాట టీవీ వైపు నుంచి వస్తుంది. యాపిల్ మ్యూజిక్ కూడా 2021 అక్టోబర్‌లో పీఎస్5కు, 2022 అక్టోబర్‌లో ఎక్స్‌బాక్స్‌కు వచ్చింది.

ప్లేస్టేషన్ ఖాతా కొత్తగా తెరిచేటప్పుడు దేశం దగ్గర జాగ్రత్త. ఒకసారి పెట్టాక మార్చడం కుదరదు. చవక గేముల కోసం వేరే దేశం పేరుతో ఖాతా తెరిచినవాళ్లకు ఇక్కడి కార్డులు, ఇక్కడి గిఫ్ట్ కోడ్‌లు పనిచేయక అవస్థ మొదలవుతుంది.

సౌండ్ బయటికి రావాలంటే

పీఎస్3కీ, మొదటి పీఎస్4కీ, పీఎస్4 ప్రోకూ, ఎక్స్‌బాక్స్ వన్‌కూ వెనక ఆప్టికల్ రంధ్రం (వెలుగు రూపంలో సౌండ్ పంపే తీగకు) ఉంది. పీఎస్4 స్లిమ్, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు లేదు. వీటికి దారి టీవీ మీదుగానే: కన్సోల్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి హోం థియేటర్‌కు ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ గానీ, టీవీ వెనకున్న ఆప్టికల్ గానీ. ఎరుపు, తెలుపు పిన్నులు మాత్రమే ఉన్న పాత హోం థియేటర్‌కు పీఎస్3 ఇప్పటికీ మంచి జోడీ, దాని ఏవీ కేబుల్ నేరుగా అందులోకి వెళుతుంది.

తీగలన్నీ సరిగ్గా ఉన్నా చప్పుడు రాకపోతే కన్సోల్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఫార్మాట్‌ను లీనియర్ పీసీఎంకు మార్చండి. పాత యాంప్లిఫయర్లకు డాల్బీ, డీటీఎస్ అర్థం కాకపోవచ్చు, పీసీఎం అందరికీ అర్థమవుతుంది.

బ్లూటూత్ స్పీకర్‌ను పీఎస్4కో పీఎస్5కో నేరుగా కలపలేరు, వెతికి టైం పాడు చేసుకోవద్దు. టీవీకి బ్లూటూత్ ఉంటే దాంతో కలపండి. పాటలకు బాగానే ఉంటుంది, గేమ్‌లో మాత్రం తుపాకీ పేలాక చప్పుడు ఆలస్యంగా వస్తుంది. ఇంకో చవక చిట్కా: కంట్రోలర్‌కు ఉన్న ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్ తీగతో స్పీకర్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్‌కు మొత్తం ఆడియో వెళ్లేలా పెట్టండి. కంట్రోలర్ చార్జింగ్‌లోనే ఉండాలి, లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది.

రెస్ట్ మోడ్‌లో పాటలు ఆడవు, కన్సోల్ పూర్తిగా ఆన్‌లోనే ఉండాలి. పండగ పూట గంటల తరబడి మోగించాలంటే పవర్ సేవింగ్ సెట్టింగ్స్‌లో, మీడియా ఆడుతున్నప్పుడు ఎంతసేపటికి రెస్ట్ మోడ్‌లోకి వెళ్లాలో ఉన్న సమయాన్ని ముందే పెంచి పెట్టుకోండి. పాటలకే అయినా పెట్టె వేడెక్కుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో దాన్ని టీవీ కింది మూసిన అరలో పెట్టొద్దు. కరెంటు ఖర్చు కూడా ఫోన్, చిన్న స్పీకర్‌తో పోలిస్తే బాగా ఎక్కువ. రోజంతా సన్నగా పాటలు మోగుతూ ఉండాలంటే కన్సోల్ సరైన పనిముట్టు కాదు. సాయంత్రం కూర్చుని గట్టిగా వినడానికి సరైనది.

కాలేజీల దగ్గర గేమింగ్ పార్లర్లు నడిపేవాళ్లకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. ఐట్యూన్స్‌లో కొన్న పాటైనా, స్పాటిఫై చందా అయినా సొంతంగా వినడానికే. వ్యాపారం నడిచే చోట కస్టమర్లకు వినిపించాలంటే పాటల హక్కులు చూసుకునే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల నుంచి లైసెన్స్ తీసుకోవాలి. అది తీసుకునేదాకా గేమ్‌లో వచ్చే సంగీతంతోనే సరిపెట్టుకోండి, పిల్లలు వచ్చేది ఆట కోసమే కదా.